పోషక సాధువా, పాలక పునీతుడా?

నిన్న ఇక్కడ ఒకరు పెట్టిన ఆహ్వానపత్రం ఫొటో చూశాక రాయకుండా ఉండలేకపోయాను. "మా బడి పోషక సాధువు జోసెఫ్ గారి పండుగకు ఆహ్వానం" అని ఉంది. ఇంగ్లీషులో 'పేట్రన్ సెయింట్' అంటారే, అంటే బడికో ఊరికో కాపుగా ఉండే పునీతుడు, దానికి ఇది సరైన తెలుగేనా అని అడిగారు. నేను నెల్లూరులో సిస్టర్ల బడిలో పదేళ్లు చదువుకున్నాను. ఇక్కడ ఇంగ్లీషు మీడియం అయితే చాలు, దేన్నయినా కాన్వెంటు అంటారు గానీ మాది నిజంగా మఠం పక్కన ఉన్న బడే. మూడు తరాలుగా మా ఇంట్లో కతోలికులం, చర్చిలో పూజకు పోయేవాళ్లం. అందుకని మాకు తెలిసిన మాట చెప్తాను.

మా గుళ్లో అనేది 'పాలక పునీతుడు' అని. 'సాధువు' అనగానే ఇల్లూ వాకిలీ వదిలేసి తిరిగే మనిషి కళ్ల ముందుకొస్తాడు. జోజప్పగారు (జోసెఫ్‌ను మేం అలాగే అంటాం) వడ్రంగి. ఒళ్లు వంచి పనిచేసి ఇల్లు నడిపినాయన. ఆయన్ని సాధువంటే అసలు మనిషే కనపడకుండా పోతాడు.

'పోషక'తో ఇంకో చిక్కుంది. జోజప్పగారు యేసుకు సాకుడు తండ్రి. ఈ 'సాకుడు' ఎంత చక్కటి మాటో చూడండి, ఎత్తుకుని పెంచిన చేతులు అందులో కనిపిస్తాయి. ఆయన పేరు పక్కన 'పోషక' అని పెడితే ఆ పెంపకమే గుర్తొస్తుంది గానీ బడిని కాపాడేవాడన్న అర్థం రాదు. పైగా సంఘాలకు చందాలిచ్చే మహారాజ పోషకులు కూడా ఉన్నారాయె.

పాలకుడంటే రాజు కదా అని ఆ ఫొటో కింద ఒకరన్నారు. పాలకవర్గం, పాలకపక్షం అని రోజూ వింటాం కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ పాలించడమంటే మొదట కాపాడటమే. ద్వారపాలకుడు గుమ్మాన్ని ఏలడు, కాస్తాడు. గోపాలుడూ అంతే. 1870లో తొమ్మిదో పియుస్ పోపుగారు జోజప్పగారిని శ్రీసభ (కతోలిక సంఘం) మొత్తానికి పాలకుడిగా ప్రకటించింది కూడా ఈ కాపుదల అర్థంలోనే.

ఇక 'పునీత'. సంస్కృతం చదివినవాళ్లు దీన్ని ఒప్పుకోరు. శుద్ధి చేయడమనే అర్థమున్న 'పూ' ధాతువుకు 'పూత' అనే రావాలంటారు. వ్యాకరణం ప్రకారం వాళ్లదే సరి. కానీ తెలుగువాడికి పూత అంటే మామిడిపూత, లేకపోతే గోడకు వేసే పూత. 'జన్మ పునీతమైంది' అని మతంతో పని లేకుండా అందరం అంటున్నాం. నాకైతే అది ఎప్పుడో తెలుగు మాటైపోయింది.

మా అవ్వ మాత్రం పునీత అని ఒక్కసారి కూడా అనలేదు. ఆమెది పాత జపాల పుస్తకంలోని 'అర్చ్యశిష్ట జోజప్ప'. నోరు తిరక్క 'అర్చిసిస్ట' అనేది. అర్చనకు తగిన శిష్టుడని అర్థం. తమిళ కతోలికుల పాత పుస్తకాల్లోనూ ఇదే మాట ఉంది. 1928లో విడి మేత్రాసనం (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) అయ్యేదాకా మన నెల్లూరు మద్రాసు కిందే ఉండేది, కాబట్టి రెండు భాషల్లో ఒకే మాట ఉండటం వింతేం కాదు. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలియకుండా పోతోందని నాకు బాధ.

పండుగ మార్చి 19న. సరిగ్గా పదో తరగతి పరీక్షల రోజులు. తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలూ అయ్యేసరికి పెద్ద క్లాసు పిల్లలకు టెన్షన్ పట్టుకునేది. పూజ అవగానే హాల్ టికెట్లు తెచ్చి జోజప్పగారి స్వరూపం (విగ్రహం) పాదాల దగ్గర ఒకదాని మీద ఒకటి పెట్టేవాళ్లం. గాలికి ఎగిరిపోకుండా సిస్టరమ్మ పైన జపమాల పెట్టేది. జోజప్పగారి చేతిలో లిల్లీ కొమ్మ ఉంటుంది కదా, నెల్లూరు పూలంగట్లో లిల్లీలంటే నేలసంపెంగలే ఇచ్చేవాళ్లు. అవే కొమ్మలు తెచ్చి ఆ ప్లాస్టర్ చేతికి దారంతో కట్టేవాళ్లం. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ పరీక్షలే గుర్తొస్తాయి.

కార్డు మళ్లీ అచ్చు వేయించే వీలుంటే "మా పాలక పునీతుడు జోజప్పగారి పండుగకు రండి" అని మార్చమని చెప్పండి. 'గారు' తీసేయొద్దు, మా వైపు ఆయన్ని ఎవరూ ఉత్త పేరుతో పిలవరు. కందుకూరు, ఒంగోలు వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, మీ ఇళ్లల్లో కూడా 'సాకుడు తండ్రి' అనే అనేవారా, వేరే మాట ఉండేదా?