లవ్‌క్రాఫ్ట్ కథలు వదల్లేను, ఆయన జాతి ద్వేషాన్ని మింగలేను. మీరెలా చదువుతున్నారు?

అర్ధరాత్రి పాఠకురాలు:
నిన్న అమెరికన్ భయానక కథల రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్' (1927) మళ్ళీ చదివాను. ఉల్క పడ్డ పొలంలో పండ్లు నిగనిగలాడుతూ పెద్దవిగా కాస్తాయి, కొరికితే చేదు. ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే క్షీణించిపోతారు. చదివాక మా పెరట్లో బావి వైపు చూడలేకపోయాను. ఆ ఊపులోనే 'ది హారర్ ఎట్ రెడ్ హుక్' మొదలుపెట్టాను. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి వలస వచ్చినవాళ్ళను పురుగుల్లా చూపించాడు. సగంలో ఆపేశాను. ఆయన భయపడింది మనలాంటి రంగు ఉన్నవాళ్ళను చూసే కదా!

పాతపుస్తకం:
ఆ కథ 1925లో రాశాడండీ. అప్పుడు బ్రూక్లిన్‌లోనే ఉద్యోగం దొరక్క ఒంటరిగా ఉన్నాడు. భార్య సోనియా గ్రీన్ ఉక్రెయిన్ నుంచి వచ్చిన యూదు మహిళ. అయినా ఆయన మనసు మారలేదు. కష్టాల వల్ల అలా రాశాడంటే నేను ఒప్పుకోను. నల్లజాతివాళ్ళను కించపరుస్తూ 1912లోనే పద్యం రాశాడు. 'ఆ కాలం అలాంటిది' అంటారు. జాతి వివక్షపై పోరాడే ఎన్‌ఏఏసీపీ 1909లో పుట్టింది, అదీ ఆ కాలమే.

గోదారి గట్టు:
నాకు 'ది షాడో ఓవర్ ఇన్స్‌మత్' ప్రాణం. కానీ అందులో భయమంతా సముద్రజీవులతో మనుషుల రక్తం కలుస్తుందనే. ద్వేషం తీసేస్తే కథే ఉండదు. మా మేనత్త వేరే కులంలో పెళ్ళి చేసుకున్నప్పుడు మా తాతయ్య 'రక్తం చెడింది' అన్నారు. ఆ కథ చదువుతుంటే అదే గొంతు వినిపించింది. చివర్లో కథకుడికి తానూ ఆ వంశంవాడినేనని తెలుస్తుంది. చావబోయి ఆగిపోతాడు, సముద్రంలో ఉన్న తనవాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి సిద్ధమవుతాడు. లవ్‌క్రాఫ్ట్ దాన్ని ఘోరంగానే రాశాడేమో. నాకు మాత్రం అత్తయ్య గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

పాతపుస్తకం:
గోదారి గట్టు గారూ, ఇకపై ఆ కథను నేను పాతలా చదవలేను.

చీకటి గది:
రెడ్ హుక్ ఆపేసిన మేడమ్‌కి ఒక మాట. నల్లజాతి రచయిత విక్టర్ లావాల్ 2016లో అదే కథను న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట హార్లెం కుర్రాడి వైపు నుంచి తిరగరాశాడు: 'ది బల్లాడ్ ఆఫ్ బ్లాక్ టామ్'. చిన్నప్పుడు లవ్‌క్రాఫ్ట్‌ను ఇష్టంగా చదివినవాడే. అంకితం కూడా ఆయనకే ఇచ్చాడు, మనసులో ఉన్న పెనుగులాటను దాచకుండా. నేను రెండూ వెంటవెంటనే చదివాను. అసలు కథలో ముఖం లేని గుంపుగా ఉన్నవాళ్ళకు ఇందులో ఇల్లు, నాన్న, గిటార్ ఉన్నాయి.

అర్ధరాత్రి పాఠకురాలు:
లావాల్ పుస్తకం ఈ రోజే తెప్పించుకుంటాను. ఈ విషం లేని లవ్‌క్రాఫ్ట్ కథ ఇంకొకటి చెప్పండి.

పాతపుస్తకం:
'ది మ్యూజిక్ ఆఫ్ ఎరిక్ జాన్'. మూగ వాద్యకారుడు, అటక మీద అద్దె గది, ఎప్పుడూ తెర వేసి ఉండే ఒక కిటికీ. చాలా చిన్నది, ఈ రాత్రికే అయిపోతుంది.