పదో మనిషిని తీసుకునే ముందు: బొటిక్‌కి టైలర్లు, మగ్గం వర్కర్లు, రీల్స్ ఫ్రీలాన్సర్

ప్రశ్న (హన్మకొండ బొటిక్):

ప్రస్తుతం షాపులో కటింగ్ మాస్టర్ ఒకరు, టైలర్లు ముగ్గురు, కౌంటర్‌లో ఒకమ్మాయి, హెల్పర్ ఒకరు ఉన్నారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్డర్లు వెనక్కి పంపాల్సి వస్తోంది. ఇంకో ఇద్దరు టైలర్లు, ఇద్దరు మగ్గం వర్కర్లు కావాలి. ఇన్‌స్టాకి రీల్స్ చేసేవాళ్ళని నెల ప్యాకేజీ మీద పెట్టాలనుకుంటున్నాను. షాపు నా ఒక్కదాని పేరు మీదే, పోయిన సంవత్సరం టర్నోవర్ 38 లక్షలు.

ఎవరికి నెల జీతం, ఎవరికి పీసు లెక్క? ట్రయల్‌లో ఏం చూడాలి? పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) నా షాపుకి వర్తిస్తాయా? రీల్స్ వాళ్ళకి ఇచ్చే డబ్బులో టీడీఎస్ (ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కట్ చేయాలా?

కత్తెర_టేపు:

మాస్టర్‌కి నెల జీతమే ఉంచండి. కటింగ్‌ని పీసు లెక్కన ఇస్తే చెయ్యి తొందరపడుతుంది. ఎనిమిది వేల పట్టు జాకెట్టు గుడ్డ ఒక్కటి పాడైతే ఆ నెల మిగిలిందంతా పోతుంది. టైలర్లకి మాత్రం కొంత స్థిర జీతం, దాని మీద పీసు. ఒట్టి పీసు లెక్క పెడితే ఆషాఢంలోనో మూఢాల్లోనో పని లేక వెళ్ళిపోతారు, శ్రావణానికి మళ్ళీ వెతుక్కోవాలి. పీసు లెక్కయినా నెల మొత్తం కనీస వేతనానికి తగ్గకూడదు, అది చట్టం.

రేటు కార్డు గోడకి అంటించండి: లైనింగ్ బ్లౌజ్, ప్రిన్సెస్ కట్, ప్యాడెడ్, లెహంగా, ఒక్కోదానికి ఒక్కో రేటు. కస్టమర్ వేసుకుని చూసి ఓకే అన్నాకే పీసు పూర్తయినట్టని కింద రాయండి. కొలత తప్పయితే ఆల్టరేషన్ కుట్టినవాళ్ళది, కస్టమర్ మాట మార్చితే షాపుది. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

టైలర్ ట్రయల్‌కి ఆది బ్లౌజు, మీటరు పట్టు గుడ్డ, కాటన్ లైనింగ్ ఇచ్చి ఏమీ చెప్పకుండా ఊరుకోండి. లైనింగ్‌ని ముందు నీళ్ళలో తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేశాడా అన్నది మొదటి పరీక్ష. అది చేయకపోతే మొదటి ఉతుక్కే లైనింగ్ ముడుచుకుని పై గుడ్డ ఉబ్బుతుంది. తర్వాత బ్లౌజు తిరగేసి పక్క కుట్లు చూడండి. ఒక్కో వైపు అంగుళం, అంగుళంన్నర వదిలి ఉండాలి, రేపు లూజు చేయమంటే అదే పనికొస్తుంది. చెయ్యి పైకెత్తినప్పుడు బ్లౌజంతా పైకి లేస్తే చంక రౌండు లోతు ఎక్కువైందన్నమాట. ట్రయల్‌కి డబ్బులు ఇవ్వండి. ఫ్రీగా కుట్టించుకునే షాపని పేరు పడితే మంచివాళ్ళు గుమ్మం తొక్కరు.

మగ్గం వర్కర్‌కి నాలుగంగుళాల మోటిఫ్ చాలు, జర్దోసీ (మెరిసే తీగ పని), కట్‌దానా (గొట్టం పూసలు), కొంచెం ఆరీ చెయిన్ (కొక్కెం సూదితో వేసే గొలుసు కుట్టు) కలిపి. వెనక్కి తిప్పి దారం చివర పట్టుకుని మెల్లగా లాగండి. ఆరీ చెయిన్ చివర ముడి సరిగ్గా పడకపోతే వరసంతా జిప్పు ఊడినట్టు ఊడి వస్తుంది. ఫ్రేమ్ మీద చూసి మురిసిపోవద్దు, విప్పాక చూడండి. గుడ్డని మరీ బిగించి కట్టినవాళ్ళ వర్క్ విప్పగానే ముడతలు పడుతుంది. భుజం, మెడ అంచుల దగ్గర కుట్టు కోసం అరంగుళం ఖాళీ వదిలారా? లేదంటే మిషన్ సూది పూస మీద పడి విరుగుతుంది. పూసలు, జర్దోసీ తూకం వేసి ఇచ్చి, మిగిలింది తూకం వేసి తీసుకోండి.

లెక్కల_పుస్తకం:

మీ లెక్క ఆరు, నలుగురు, మొత్తం పది. ఆ పదే అసలు సంగతి.

పది మంది అయితే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకి మీరు 3.25 శాతం, వాళ్ళ జీతంలోంచి 0.75 శాతం, వచ్చే నెల 15 లోపు కట్టాలి. 14,000 జీతానికి మీది 455, వాళ్ళది 105. తర్వాత మనుషులు తొమ్మిదికి తగ్గినా ఈఎస్‌ఐ పోదు. పదికి గ్రాట్యుటీ (ఏళ్ళ తరబడి చేసి మానేసినవాళ్ళకి ఇచ్చే మొత్తం) కూడా వస్తుంది, లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ కూడా వేయాలి. పీఎఫ్ 20 మందికి గానీ తప్పనిసరి కాదు.

మగ్గం వాళ్ళని ఫ్రీలాన్సర్లని రాసుకుంటే తొమ్మిదిలోపు ఆగవచ్చు కదా అనిపిస్తుంది. మీ షాపులో, మీ ఫ్రేమ్ మీద, మీరు చెప్పిన టైముకి రోజూ కూర్చుంటే కాగితం మీద ఏం రాసినా వాళ్ళు మీ ఉద్యోగులే, పీసు లెక్కయినా సరే. తమ ఇంట్లో, తమ ఫ్రేమ్ మీద, నాలుగు షాపులకి చేసేవాళ్ళకి జాకెట్టు లెక్కన బయటికిస్తే అది జాబ్ వర్క్.

నన్నడిగితే పదికి భయపడక్కర్లేదు. టైలర్లు ఎక్కువగా ఆడవాళ్ళే. పది మంది ఉన్న షాపులో ప్రసూతి సెలవు జీతం యజమానే ఇవ్వాలి, ఈఎస్‌ఐలో ఉండి చందా కట్టిన రోజులు సరిపోతే 26 వారాల వరకు ఆ డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది. ఆ 455 మిమ్మల్నే కాపాడుతుంది.

2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. అపాయింట్‌మెంట్ లెటర్ అందరికీ ఇవ్వాలి, మనిషి మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. ఉద్యోగి జీతంలోంచి పట్టే ప్రొఫెషనల్ ట్యాక్స్ నెల జీతం 15,000 వరకు లేదు, 20,000 వరకు నెలకి 150, ఆపైన 200.

టీడీఎస్: సొంత పేరు మీద వ్యాపారం, ముందు సంవత్సరం టర్నోవర్ కోటి దాటలేదు కాబట్టి మీరు కట్ చేయక్కర్లేదు. భాగస్వామ్యమో కంపెనీయో అయితే టర్నోవర్‌తో పనిలేదు. అప్పుడు వృత్తిపరమైన ఫీజు ఏడాదికి 50,000 దాటితే 10 శాతం. మనిషి పేరు మీద ఇచ్చే జాబ్ వర్క్‌కి 1 శాతం, ఒక బిల్లు 30,000 గానీ ఏడాది మొత్తం లక్ష గానీ దాటితే.

హన్మకొండ బొటిక్:

అడ్వాన్స్ తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళ సంగతేంటి? ఒరిజినల్ ఆధార్ దగ్గర పెట్టుకోమని కొందరంటున్నారు.

లెక్కల_పుస్తకం:

వద్దండి. కార్డు మీ బీరువాలో ఉన్నంత మాత్రాన మనిషి ఆగడు, మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకుంటాడు. పైగా రేపు ఏ గొడవ వచ్చినా అదే మీ మీదికి తిరుగుతుంది. అడ్వాన్స్ ఒక నెల జీతం దాటనివ్వకండి, యూపీఐలోనో బ్యాంకులోనో వేయండి, వోచర్ మీద నెలకింత కోతని రాసి సంతకం తీసుకోండి. కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు.

రీలు_దారం:

రీల్స్ మనిషికి ప్యాకేజీ అనే మాట వాడొద్దు, నెలకి ఎన్ని రీల్స్, ఎన్ని సెకన్లు, షూట్ ఎన్ని రోజులు, మార్పులు ఎన్నిసార్లు అన్నది రాసుకోండి. ఎడిట్ చేయని వీడియో కూడా మీకే ఇవ్వాలని రాయండి. పేజీ పాస్‌వర్డ్ ఇవ్వకండి, ఓనర్‌గా మీరుండి వాళ్ళకి యాక్సెస్ మాత్రం ఇవ్వండి, మానేసిన రోజే తీసేయవచ్చు. సినిమా పాటలతో ప్రమోషన్ వీడియో చేస్తే కాపీరైట్ చిక్కు మీ పేజీకే.

లోగో కూడా వాళ్ళతోనే గీయిస్తే జాగ్రత్త. డబ్బు ఇచ్చినంత మాత్రాన ఫ్రీలాన్సర్ గీసిన లోగో మీది కాదు, హక్కులు మీకు రాసిచ్చినట్టు వాళ్ళ సంతకంతో కాగితం ఉండాలి. ఆ కాగితంలో కాలం రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అయిదేళ్ళకే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలో ఉన్నవాళ్ళకి లెహంగాలు పంపే ఆలోచన ఉంటే 'కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా' అన్న మాటలు తప్పకుండా పడాలి. లోగో మార్చుకోగలిగే ఫైలు చేతికొచ్చాకే చివరి వాయిదా ఇవ్వండి.