ఆందోళన ప్రశ్నావళిని మన ఉర్దూ పిల్లలకు ఎలా మార్చాలి?

ప్రశ్న (బడి కౌన్సెలర్, గుంటూరు):
అందరికీ నమస్కారం. పిల్లల్లో ఆందోళనను తొలిదశలో గుర్తించే ‘స్కేర్డ్’ అనే ఇంగ్లీషు ప్రశ్నావళిని ఉర్దూ మాట్లాడే పిల్లల కోసం సిద్ధం చేస్తున్నాను. 41 వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు. మొత్తం 25 గానీ అంతకు మించి గానీ వస్తే మరింత పరిశీలన అవసరమని లెక్క. ఉర్దూ బాగా చదువుకున్న పెద్దాయన ఒకరు శ్రద్ధగా అనువదించి ఇచ్చారు. అయితే అందులోని ‘ఇజ్తిరాబ్’ (ఆందోళన) అనే మాట చదవగానే నాలుగో తరగతి పాప నా ముఖంలోకి చూసి, ‘యే క్యా హై మేడమ్?’ అని అడిగింది. నీకు భయమేస్తే ఎలా ఉంటుందని నేను అడిగితే, పొట్ట మీద చెయ్యి వేసుకుని, ‘దిల్ కైసా కైసా హోతా’ (మనసు ఎలాగెలాగో అవుతుంది) అని చెప్పింది. ఇప్పుడు నేను ఏ ఉర్దూను పట్టుకోవాలి?

జవాబు 1 (పిల్లల మనస్తత్వ నిపుణురాలు, విజయవాడ):
మేడమ్ గారూ, ఆ పాప మాటే మీకు దారి చూపిస్తోంది. తిరుగు అనువాదం, అంటే ఉర్దూ పాఠాన్ని వేరొకరితో మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి అసలుతో పోల్చడం, తప్పక చేయించండి, కానీ దాన్ని పూర్తిగా నమ్మకండి. ‘ఇజ్తిరాబ్’ను మరొకరు ఇంగ్లీషులోకి మారిస్తే మళ్లీ చక్కగా ‘యాంగ్జైటీ’ అనే వస్తుంది కాబట్టి, పిల్లలకు అర్థం కాలేదన్న సంగతి అక్కడ బయటపడదు. ఎనిమిది పదిమంది పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ప్రతి వాక్యం విన్నాక దాన్ని వారి మాటల్లో చెప్పించండి. తెలుగు మీడియంలో చదివే పిల్లల్లో చాలామందికి ఉర్దూ లిపి తడబడుతుంది గనుక మీరే చదివి వినిపించడం మేలు. పార్టీలు, డాన్సులకు వెళ్లడం గురించిన వాక్యాన్ని పెళ్లి దావత్‌కు మార్చవచ్చు. అసలు అడుగుతున్నది పరిచయం లేని మనుషుల మధ్య కలిగే బెరుకు గురించే. ఒంటరిగా పడుకోవడం గురించిన వాక్యం మాత్రం చిక్కే, ఎందుకంటే ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకునే చోట ఆ అనుభవమే పిల్లలకు ఉండదు.

జవాబు 2 (ఉర్దూ ఉపాధ్యాయుడు, వించిపేట):
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట. ‘నక్కో’ (వద్దు), ‘హౌ’ (అవును) వంటి ఇంటి మాటలను కాగితం మీద అచ్చువేస్తే తమ భాషను వెక్కిరిస్తున్నారని తల్లులు నొచ్చుకునే ప్రమాదం ఉంది. రాతలో ‘ఘబ్రాహట్’ (కంగారు), ‘డర్’ (భయం), ‘ఫికర్’ (చింత) వంటి సులభమైన ఉర్దూ ఉంచి, చదివి వినిపించేటప్పుడు దక్కనీలో, అంటే ఇక్కడి ఇళ్లలో మాట్లాడే ఉర్దూలో, వివరించండి. అయితే ఆ వివరణను కూడా ముందే రాసుకుని అందరికీ ఒకేలా చెప్పాలి. మరొకటి, పిచ్చెక్కుతున్నట్లుంది అనే వాక్యానికి ‘పాగల్’ అని వాడకండి. ఆ మాట వింటే పిల్లలు నిజం దాచేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇన్ని మార్పులు చేశాక కూడా 25 అనే గీత అలాగే ఉంచవచ్చా?

జవాబు 1:
ఉంచకూడదండీ. మార్చిన ప్రశ్నావళిని కొందరు పిల్లలకు ఇచ్చి, వారిని వైద్యులు విడిగా పరీక్షించిన ఫలితంతో పోల్చిన తర్వాతే మన గీత ఎక్కడుండాలో తేలుతుంది. అంతవరకు మొత్తం తక్కువగా వచ్చినా, పొట్ట నొప్పి అంటూ తరచూ బడి మానేసే పిల్లలతో మీరే కూర్చుని మాట్లాడండి.