అప్‌డేట్: 17 నెలలకే ఎస్‌ఎస్‌డీ 60 శాతం అరగడానికి కారణం దొరికింది

8 సీసీ కెమెరాల రికార్డింగుకు వాడుతున్న 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో (చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) ‘పర్సెంటేజ్ యూజ్డ్’ (ఆయుష్షులో ఎంత శాతం ఖర్చయిందో డ్రైవే చెప్పే అంకె) 17 నెలలకే 60కి చేరింది, డ్రైవ్‌లో లోపమా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. లోపం లేదు. మీరు జవాబుల్లో చెప్పినట్టు రోజుకు ఎంత డేటా రాస్తోందో లెక్క వేస్తే సరిగ్గా సరిపోయింది.

ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) అంటే రోజుకు 43.2 జీబీ, ఎనిమిదింటికీ కలిపి సుమారు 346 జీబీ. డ్రైవ్‌కు కంపెనీ ఇచ్చిన టీబీడబ్ల్యూ (మొత్తం ఎన్ని టెరాబైట్లు రాయొచ్చో చెప్పే పరిమితి) 300. భాగిస్తే 868 రోజులు. 17 నెలలంటే అందులో 60 శాతమే!

అసలు అరిగేది సెల్‌లోని (చిప్‌లో డేటా దాచే అతి చిన్న గది) సన్నని ఆక్సైడ్ పొర. రాసినా చెరిపినా దాదాపు 20 వోల్టులతో ఎలక్ట్రాన్లను దాని గుండా నెట్టాలి. కొన్ని అందులోనే ఇరుక్కుపోయి సెల్ వోల్టేజీ ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరుగుతుంది. టీఎల్‌సీలో (సెల్‌కు 3 బిట్లు దాచే రకం) ఒక్క సెల్‌కు 8 వోల్టేజీ స్థాయిలు కనుక కొద్ది తేడాకే తప్పులొస్తాయి. పైగా రాసేది పేజీలుగా, చెరిపేది మాత్రం చాలా పేజీలు కలిసిన బ్లాకులుగా. డ్రైవ్ నిండుగా ఉంటే, బ్లాకును చెరిపే ముందు అందులోని పనికొచ్చే డేటాను పక్కకు మళ్లీ రాయక తప్పదు, అదీ అరుగుదలే.

రికార్డింగును సర్వైలెన్స్ హార్డ్ డిస్కుకు మార్చాను, ఎస్‌ఎస్‌డీలో ఓఎస్ ఒక్కటే ఉంది. డ్రైవ్ చూపే ‘డేటా యూనిట్స్ రిటన్’ (ఇప్పటివరకు రాసిన డేటా) అంకెను 5,12,000తో గుణిస్తే బైట్లు వస్తాయి. ఇప్పుడు రోజుకు 3 జీబీ దాటడం లేదు.