విస్ 35 (పోలిష్ పిస్టల్): రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదా, జర్మన్ల కాలందా?

ప్రశ్న: స్లైడ్ (పైన జారే భాగం) మీద పోలండ్ గద్ద గుర్తుంది, సంవత్సరం 1938. ఫ్రేమ్ (పిడితో కలిసిన కింది భాగం) మీద చిన్న జర్మన్ ముద్రా ఉంది. అసలుదేనా?

జవాబు 1: ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, ఛాంబర్ ఖాళీయేనని చూడండి. ఆ ముద్ర WaA77 (జర్మన్ సైన్యపు తనిఖీ గుర్తు) అయితే పోలిష్ భాగాలతో పోలండ్‌లోని రాదోం ఫ్యాక్టరీలో జర్మన్లు బిగించినదై ఉండొచ్చు. పిడి వెనక పట్టీలో స్టాక్ (భుజానికి ఆనించే దిమ్మ) తగిలించే గాడి ఉందా? తర్వాతి వాటిలో గాడి తీసేశారు, ఇంకా తర్వాత ఫ్రేమ్ మీద, తుపాకీ విప్పడానికి వాడే లివరూ తీసేశారు.

జవాబు 2: ఫ్రేమ్ మీది ఆ లివర్‌ని సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) అనుకోకండి! స్లైడ్ మీది లివర్ సుత్తిని దింపడానికి మాత్రమే. గద్ద అంచులు మొద్దుబారితే మళ్లీ పాలిష్ చేసి నీలం (ఉక్కు మీది నల్లనీలపు పూత) పట్టించారన్నమాట, ధర సగం కూడా పలకదు. జర్మన్ తుపాకీకి కొత్తగా గద్ద చెక్కే మోసమూ ఉంది, భూతద్దంతో చూడండి.

జవాబు 3: దయచేసి రుద్దకండి, పలచగా నూనె చాలు.