ఇమ్మర్షన్ బడిలో సీటుకు తల్లిదండ్రుల హామీ పత్రం అడగవచ్చా?

పలకబలపం:
మా ప్రభుత్వ బడిలో వచ్చే ఏడు కిండర్‌గార్టెన్ నుంచి ఇమ్మర్షన్, అంటే పాఠాలు చాలావరకు ఒక కొత్త భాషలోనే చెప్పే పద్ధతి, మొదలవుతోంది. రెండు సెక్షన్లు, 48 సీట్లు. అర్జీలు అంతకంటే చాలా ఎక్కువే వచ్చేలా ఉన్నాయి. ఐదో తరగతి దాకా మాన్పించబోమని హామీ పత్రం, నెలనెలా బడిలో కొన్ని గంటల సాయం, సమావేశానికి వచ్చినవాళ్లకే అర్జీ ఫారం అని కమిటీలో కొందరి పట్టు. ప్రభుత్వ బడికి ఇన్ని షరతులేమిటని మిగతావాళ్లు. ఎంతవరకు అడగడం న్యాయం?

మూడోబెంచి:
హామీ అడగడానికి కారణం లేకపోలేదండి. మామూలు తరగతిలో ఒకరు వెళ్లిపోతే ఇంకొకరిని చేర్చుకోవచ్చు. ఇక్కడ లెక్కలూ సైన్సూ కూడా ఆ భాషలోనే నడుస్తాయి. అందుకే చాలాచోట్ల ఒకటో తరగతి దాటాక భాష వచ్చిన పిల్లలనే తీసుకుంటారు. ఏటా నలుగురు వెళ్లిపోయినా 48 మందిలో ఐదో తరగతికి మిగిలేది 28. రెండు సెక్షన్లకు చాలరు, ఒకదానిలో పట్టరు. అప్పుడు వేర్వేరు తరగతుల పిల్లలను కలిపి ఒకే టీచరుకు అప్పగిస్తారు.

మాన్పించడానికి పెద్ద కారణం భయం. 90:10 పద్ధతిలో మొదటి ఏడాది బోధనలో 90 శాతం కొత్త భాషలోనే ఉంటుంది, నాలుగైదు తరగతులకు సగం సగం అవుతుంది. ఈలోగా తమకు వచ్చిన భాషలో చదవడంలో పిల్లలు కాస్త వెనకబడతారు. ఆ భాషలో చదవడం నేర్పడం మొదలయ్యాక అందుకుంటారు. కెనడాలోని సెయింట్ లాంబర్ట్‌లో 1965లో మొదలైన ఫ్రెంచి ఇమ్మర్షన్ నుంచీ ఇది తెలిసిన సంగతే. దీన్ని చేరేటప్పుడు ఒకసారి, రెండో తరగతిలో మళ్లీ చెప్పాలి. సంతకం కంటే అదే పనికొస్తుంది.

సాయంత్రంబస్సు:
మూడోబెంచి గారి లెక్క సరే. కానీ ఆ షరతులను సీటుకు ముందు పెడితే వడపోత అవుతుంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, ఒంటరి తల్లులు, ఫారం భాష చదవలేనివాళ్లు అక్కడే రాలిపోతారు. పైగా ప్రభుత్వ బడి ఆ పత్రం చూపించి పిల్లను వెళ్లగొట్టలేదు. దానికి జంకేది మాట తప్పడం ఇష్టంలేని అద్దె ఇళ్లవాళ్లే.

క్రమం మార్చండి. ముందు లాటరీ, తర్వాత సమావేశం, ఆపైన ఒప్పుకోవడానికి రెండు వారాల గడువు. వద్దనుకున్నవాళ్ల సీటు వెయిటింగ్ లిస్టుకు పోతుంది. ఆ లిస్టు వరుస బయటపెట్టి, ఒకటో తరగతి మొదలయ్యేదాకా దాన్నుంచే భర్తీ చేయండి. 'ముందొచ్చినవారికి ముందు' మాత్రం వద్దు, అది తీరిక ఉన్నవాళ్లకు అనుకూలం. కవలలకు ఒకే చీటీ. తోబుట్టువులకు ప్రాధాన్యం ఇవ్వండి గానీ సగం సీట్లకు మించనివ్వకండి, లేకపోతే కొన్నేళ్లకు కొత్త కుటుంబాలకు దారి మూసుకుపోతుంది. బడి బస్సు లేకపోతే మాత్రం లాటరీ ఎంత నిక్కచ్చిగా తీసినా దూరపు ఇళ్లకు అది కాగితం మీది హక్కే.

రెండుజడలు:
ఆ భాష ఇంట్లో మాట్లాడే కుటుంబాలు మీ దగ్గరుంటే రెండు లాటరీలు పెట్టండి, ఆ భాష వచ్చిన పిల్లలకు ఒకటి, రానివాళ్లకు ఒకటి. ఇరువైపులా పిల్లలుండే తరగతిలో ఏ వర్గమూ మూడో వంతుకు తగ్గకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. ఫారంలో టిక్కు ఒక్కటే నమ్మకండి, సీటు కోసం ఎవరైనా పెట్టేస్తారు. పిల్లతో పది నిమిషాలు మాట్లాడి చూస్తే చాలు. అది భాష ఉందా లేదా చూడటానికే, తెలివిని కొలవడానికి కాదు. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఇది సరిపడదని ముందే పంపేయడం అన్యాయం. అలాంటి పిల్లలకు మామూలు తరగతిలో కావలసిన సాయమే ఇక్కడా కావాలి, ఆ సాయం చేసే టీచరును ముందే నియమించుకోండి.

పలకబలపం:
క్రమం మార్చడం కమిటీ ముందు పెడతాను. సాయం గంటలు తీసేస్తే, ఆ భాష రాని తల్లిదండ్రులను ఏం అడగాలి?

మూడోబెంచి:
రోజూ ఇరవై నిమిషాలు తమకు వచ్చిన భాషలో పిల్లకు చదివి వినిపించమనండి. చదవలేనివాళ్లు కథ చెప్పినా సరే. హోంవర్కు సూచనలు తల్లిదండ్రుల భాషలో ఇచ్చే పూచీ మాత్రం బడిదే.