అప్‌డేట్: నాలుగు కాటాల పోర్టులు ఇప్పుడు తారుమారు కావట్లేదు

కాటాల పోర్టులు తారుమారవుతున్నాయని పోయిన వారం ఇక్కడ అడిగింది నేనే. మా రైస్ మిల్లులో నాలుగు ఎలక్ట్రానిక్ కాటాలు యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్లతో ఒకే లైనక్స్ మెషీన్‌కు తగిలించి ఉన్నాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా లైనక్స్ ఆ కేబుళ్లకు ఇచ్చే పేర్లు (టీటీవైయూఎస్‌బీ 0, 1, 2, 3) అటూఇటూ అయిపోయి, ధాన్యం బరువు తవుడు ఖాతాలో పడేది.

కేబుల్ సీరియల్ నంబరు పట్టుకుని యూడెవ్ రూల్ (తగిలించిన పరికరానికి లైనక్స్‌లో మారని పేరు పెట్టే సెట్టింగు) రాయమని ఇక్కడ కొందరన్నారు. రాశాను, కుదర్లేదు. మావి సీహెచ్340 చిప్ కేబుళ్లు, ఒక్కదాంట్లోనూ ఆ నంబరే లేదు. పరికరం గుర్తింపును బట్టి లింకులు ఉండే బై-ఐడీ ఫోల్డర్లో చూస్తే నాలుగింటికీ కలిపి ఒక్కటే లింకు! బై-పాత్ ఫోల్డర్లో మాత్రం విడివిడిగా నాలుగూ ఉన్నాయి. అది కేబుల్‌ని కాదు, ఏ పోర్టులో గుచ్చామో చూస్తుంది. ఆ దారితోనే రూల్ రాసి కాటాలకు పేర్లు పెట్టాను. కేబుళ్లు గుచ్చిన యూఎస్‌బీ హబ్ మీద ప్రతి పోర్టు పక్కనా తెల్ల టేపు అంటించి పెన్నుతో పేరు రాశాను. కేబుల్‌ని వేరే పోర్టులో గుచ్చితే కథ మళ్లీ మొదటికే.

ఇంకోటి, మా మెషీన్‌లోని లైనక్స్, అంటే ఉబుంటు 22.04లో, కేబుల్ పెట్టగానే పోర్టు కనిపించి మాయమయ్యేది. బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం ఉండే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం ఈ చిప్‌ను తనదనుకుని లాక్కుంటోంది. మాకు దాని అవసరం లేదు, తీసేశాను.

ఐదుసార్లు రీబూట్ చేశాం, ఒక్క బరువూ తప్పలేదు. పోర్టు దారి చూడమన్న అన్నకు చాలా థాంక్స్.